పొరపాటుకీ ఓ పద్దు

రెండు రోజుల్లో అయ్యే పని అని మనకి తెలిస్తే లీడుకి మూడు రోజులని చెప్తాం. లీడు మేనేజరుకి నాలుగంటాడు. మేనేజరు క్లయింటుకి వారం చెప్తాడు. అదేంటయ్యా అంటే బఫర్ అంటాం. పద్దెనిమిదేళ్ళుగా నేను ఈ పనే చేసి జీతం తీసుకుంటున్నాను. కానీ నా సొంత డబ్బు, సొంత టైము, సొంత బుర్ర దగ్గరికొచ్చేసరికి ఒక్కసారి కూడా బఫర్ పెట్టిన పాపాన పోలేదు.

దాని ఖరీదు ఎనిమిది లక్షల చిల్లర. ఇంకా మా బావమరిదితో రెండేళ్ళ పైచిలుకు మాటల్లేకపోవడం. అన్నిటికంటే ఎక్కువ ఖరీదు, మా అమ్మ కంటి ఆపరేషన్ రోజున నేను పక్కన లేకపోవడం. మూడూ వేరువేరు సంగతులు అనుకునేవాణ్ణి. కాదని తెలియడానికి చాలా కాలం పట్టింది. మీలో కొంతమందికైనా పనికొస్తుందని చెప్తున్నా.

2018లో మా బావమరిది రాజమండ్రిలో టిఫిన్ సెంటర్ పెడదామన్నాడు. కుర్రాడు కష్టజీవి, చెయ్యి మంచిది. వాడు చేసిన పెసరట్టు తింటే మా అత్తగారు కూడా ఒప్పేసుకుంటారు. బ్యాంకు చుట్టూ తిరగాలి, కొటేషన్లు కావాలి, ప్రాజెక్టు రిపోర్టు రాయాలి, నెలా రెండు నెలలు పడుతుందన్నాడు. సరిగ్గా అదే వారంలో నాకో ఫోను. "సార్, మీకు ప్రీ అప్రూవ్డ్ పర్సనల్ లోన్ ఉంది సార్, పేపర్లు ఏమీ అక్కర్లేదు సార్."

మనకా, నెల నెలా జీతం పడే అకౌంటు ఉందన్న ధీమా. "బ్యాంకుల చుట్టూ తిరగడం ఎందుకురా, నేనున్నాగా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా ఛాతీ ఎంత వెడల్పయ్యిందో నాకే తెలుసు. 6 లక్షలు, 14 శాతం వడ్డీ, ఐదేళ్ళు. నెలకి దాదాపు 14 వేలు ఈఎంఐ. మొత్తం కట్టేది 8 లక్షల 37 వేలు.

ఆ ఆరు లక్షలు ఎలా ఖర్చు పెట్టామో చూడండి. షాపు అడ్వాన్సు లక్షన్నర. టైల్స్, లైట్లు, కౌంటరు అన్నీ కలిపి రెండు లక్షలు. గ్రైండరు, పొయ్యిలు, ఫ్రిజ్జు, గిన్నెలు లక్షా ముప్ఫై వేలు. బోర్డు, ప్రారంభోత్సవం యాభై వేలు. ఇక చేతిలో మిగిలింది డెబ్భై వేలు. షాపు అద్దె నెలకి 15 వేలు, దోశ మాస్టరుకి 18 వేలు, ఇద్దరు హెల్పర్లకి 16 వేలు. గ్యాసు, సరుకులు కాక ఇవే 49 వేలు. అంటే మొదటి రోజు నుంచీ రోజుకి ఎనిమిది వేల బేరం జరిగితేనే మా లెక్క నిలబడుతుంది. మొదటి నాలుగు నెలలూ జరిగింది నాలుగున్నర వేలు.

కోడ్ రాసేటప్పుడు యూజర్ తప్పు నంబరు కొడితే ఏమవుతుంది, నెట్‌వర్క్ పోతే ఏమవుతుంది అని పదిసార్లు ఆలోచిస్తాం కదా. ఇక్కడ మాత్రం హ్యాపీ పాత్ ఒక్కటే రాసుకున్నాం. ఎక్సెప్షన్ హ్యాండిలింగ్ లేదు.

మూడో నెలలో డెబ్భై వేలూ అయిపోయాయి. నాకు చెప్పడానికి మొహం చెల్లక వాడు రోజువారీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్ళాడు. 50 వేలు అప్పు, చేతికిచ్చేది 45 వేలు, రోజుకి 500 చొప్పున వంద రోజులు కట్టాలి. చూడ్డానికి ఐదు వేలే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ రోజూ అసలు తీరుతూ పోతోంది కదా, దాన్ని ఏడాది వడ్డీ కింద మారిస్తే 75 శాతం దాటుతుంది. ఆ సంగతి నాకు ఏడో నెలలో తెలిసింది. అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. "నా జీతం నీ గల్లాపెట్టె అనుకున్నావా" అన్నది వాటన్నిట్లో మర్యాదైన మాట.

2019 సెప్టెంబరులో షాపు మూసేశాం. కరోనా ఇంకా రాలేదు, కనీసం దాని మీదకి నెట్టే అవకాశం కూడా లేదు. సామాన్లు అమ్మితే నలభై వేలు, అడ్వాన్సులో ఓనరుగారు పట్టుకోగా అరవై వేలు వచ్చాయి. అప్పు నా పేరున, షాపు వాడి పేరున. కాగితం ముక్క లేదు. వాడు ఫోన్ చెయ్యడం మానేశాడు. నేనూ మానేశాను. మా ఆవిడ ఇద్దరి మధ్యా నలిగిపోయింది.

ఇప్పుడు కాస్త పనికొచ్చే సంగతులు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అనుకోండి, ఇంకా చేతులు కాలనివాళ్ళకి పనికొస్తాయి.

ఒకటి. అప్పు వ్యాపారం పేరున, వ్యాపారం చేసేవాడి పేరున ఉండాలి. ముద్రా పథకం 2015 ఏప్రిల్ నుంచీ ఉంది. 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్ అంటారు. తరుణ్ తీసుకుని సక్రమంగా తీర్చినవాళ్ళకి 20 లక్షల దాకా ఇచ్చేలా 2024 బడ్జెట్టులో పెంచారు. పది లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగకూడదు. మేం షాపు పెట్టిన 2018లో పీఎంఈజీపీ అనే పథకం కింద సేవా రంగంలో 10 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు, ఖర్చులో కొంత శాతం సబ్సిడీ కూడా ఉండేది. జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళి అడిగితే చెప్పేవాళ్ళు. మేం గుమ్మం కూడా తొక్కలేదు. బ్యాంకు మేనేజరు ప్రాజెక్టు రిపోర్టు అడగడం వేధింపు అనుకున్నాను. నిజానికి "రోజుకి ఎనిమిది వేలు ఎక్కణ్ణుంచి వస్తాయి బాబూ" అని మమ్మల్ని అడిగి ఉండాల్సిన ఒకే ఒక్క మనిషి ఆయన. పర్సనల్ లోన్ తీసుకుని ఆ ప్రశ్నని తప్పించుకున్నాం.

రెండు. వడ్డీ చెప్పే భాష చూసుకోండి. "పది శాతమే సార్" అంటారు. ఫ్లాటా, తగ్గుతున్న అసలు మీదా? 5 లక్షలు మూడేళ్ళకి 10 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ లక్షన్నర, ఈఎంఐ 18 వేలు. అదే తగ్గే అసలు మీద 10 శాతం అయితే వడ్డీ 81 వేల లోపే, ఈఎంఐ 16,134. అంటే ఆ ఫ్లాట్ పది నిజానికి పద్దెనిమిది. మన ఊళ్ళో నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమని చిన్న పిల్లాడికి కూడా తెలుసు. ఆ భాషలో దాపరికం తక్కువ. చీటీ పాడుకున్నా అంతే, తగ్గించి పాడింది, ఫోర్‌మన్ కమీషను కలిపి ఎంత పోతోందో కాగితం మీద వేసుకున్నాకే చెయ్యెత్తండి.

మూడు. ఆర్నెల్ల అద్దె, జీతాలు పక్కన పెట్టాకే టైల్స్ గురించి మాట్లాడండి. ఆ లెక్కన మాకు దాదాపు మూడు లక్షలు పక్కనుండాలి. అంటే ఉన్నదాంట్లో సగం. ఇంత తళతళలాడే షాపు వచ్చేది కాదు, బండి మీద మొదలెట్టాల్సి వచ్చేది. పెసరట్టు రుచి బండి మీదైనా మారదు.

నాలుగు. ఏ రోజున మూసెయ్యాలో తెరిచే రోజునే రాసుకోండి. "ఆరో నెలకి రోజు బేరం ఆరు వేలు దాటకపోతే ఆపేద్దాం" అని ముందే ఇద్దరం అనుకుని ఉంటే, ఆపేయడం ఒప్పందంలో భాగమయ్యేది. అనుకోలేదు కాబట్టి అది నేరమైంది. నేరమంటే దోషి కావాలి కదా. వాడే దోషి అని నేను తేల్చేశాను.

ఇక విమానం సంగతి.

షాపు పోయాక నాలో ఒక పిసినారి పుట్టాడు. టీ తాగాలన్నా "నెలకి పద్నాలుగు వేలు కడుతున్నావ్, నీకు టీ ఒకటా" అనేవాడు. ప్రతి కొనుగోలులోనూ అన్నిటికంటే చవకది ఏదో అదే. దాన్ని పొదుపు అని పిలుచుకున్నాను. అది పొదుపు కాదని, నాకు నేను వేసుకుంటున్న శిక్ష అని అప్పుడు తట్టలేదు.

2022 ఫిబ్రవరిలో రాజమండ్రిలో అమ్మకి కంట్లో శుక్లం ఆపరేషన్, పొద్దున్న పదకొండింటికి. రాత్రి గౌతమిలో వెళ్ళచ్చు. కానీ సాయంత్రం రిలీజు కాల్ ఉంది. పొద్దున్న 7:10కి శంషాబాద్ నుంచి ఫ్లైటు 2,100కే కనపడింది. వెంటనే బుక్ చేశాను. క్యాబ్‌కి వెయ్యి పైన ఎందుకని బస్సు. పైగా అమ్మకోసం కొన్న మిక్సీ ఒకటి బ్యాగులో పెట్టాను. మొత్తం పదకొండు కిలోలు.

ఆ బస్సు తప్పింది, తర్వాతది ఎక్కాను. ఎయిర్‌పోర్టులో అడుగుపెట్టేసరికి 6:22. బ్యాగులు తీసుకునే కౌంటరు గంట ముందే, అంటే 6:10కే మూసేశారు. పన్నెండు నిమిషాలు. అక్కడున్నమ్మాయి పాపం చాలా మర్యాదగా "సారీ సార్" అంది. వెబ్ చెకిన్ చేసుకుని, చేతిలో ఏడు కిలోల సంచి మాత్రమే ఉండి ఉంటే సెక్యూరిటీలోంచి పరిగెత్తి గేటు అందుకునేవాణ్ణేమో. నా చేతిలో మిక్సీ ఉంది. తర్వాతి ఫ్లైటుకి టికెట్ 8,900 అన్నారు. అదైనా వెళ్ళేది మధ్యాహ్నానికి.

చవక టికెట్టులో ఉన్న మెలిక ఇదే. టికెట్టు మీద రాసి ఉన్నది రేటు కాదు, రేటులో మొదటి ముక్క మాత్రమే. పాత రోజులు గుర్తున్నాయా? 2003లో ఎయిర్ డెక్కన్ మొదలైన కొత్తలో రూపాయికే టికెట్ అని ఎంత సందడో! రూపాయి టికెట్టుకైనా పన్నులు పన్నులే. ఇప్పుడూ అంతే. సీటు ఎంచుకుంటే ఇంత, పదిహేను కిలోలు దాటితే కిలోకింత, చెల్లింపు పేజీలో కన్వీనియన్స్ ఫీజు ఇంత, ఊరి చివర ఎయిర్‌పోర్టుకి వెళ్ళడానికి ఇంత. ఇవన్నీ వేసుకున్నాక కూడా చవకైతే అది చవక. ఇంకో చిట్కా. ఫ్లైటు తప్పిపోయినా, రీఫండ్ లేని టికెట్టయినా, అందులో ఉన్న పన్నులు, ఎయిర్‌పోర్టు యూజర్ ఫీజు వెనక్కి ఇవ్వాలని డీజీసీఏ నిబంధన ఉంది. అడగండి. పెద్ద మొత్తం కాదు గానీ మనవి మనకి రావాలిగా.

సరే, ఆ పొద్దున్నకి వద్దాం. కుర్చీలో కూలబడి నన్ను నేను తిట్టుకోవడం మొదలెట్టాను. "వెధవా, వెయ్యి రూపాయల క్యాబ్‌కి కక్కుర్తిపడి అమ్మ దగ్గర లేకుండా పోయావు. ఆరు లక్షలు తగలేసినవాడివి, నీ బుద్ధి మారుతుందా." పక్కనున్నాయన లేచి వేరే కుర్చీలోకి మారాడు కాబట్టి కొంత పైకే అన్నట్టున్నాను.

మా ఆవిడకి ఫోన్ చేశాను. ఆవిడ వాళ్ళ తమ్ముడికి చేసింది. పది నిమిషాల్లో నాకు ఫోన్ వచ్చింది. రెండేళ్ళ తర్వాత ఆ పేరు నా స్క్రీన్ మీద.

"బావగారూ, అత్తయ్యగారిని నేను తీసుకెళ్తానండి. మీరు కంగారు పడకండి. మెల్లిగా బస్సెక్కి రండి. టికెట్టు పోతే పోయిందండి, ఏముంది, ఎవరికైనా జరిగేదే."

ఎవరికైనా జరిగేదే. అంతే అన్నాడు. షాపు మూసిన రోజు వాడు నా నోటి నుంచి వినాలనుకున్న మాట కూడా బహుశా అదే. నేను అనలేదు.

ఎల్బీనగర్‌లో బస్సెక్కి దిగేసరికి రాత్రి ఏడు దాటింది. ఇంటికెళ్తే అమ్మ కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. పక్కన వాడు, చేతిలో చుక్కల మందు చీటీ, ఏ మందు ఎన్ని గంటలకో పెన్నుతో రాసి పెట్టాడు. అమ్మ "వచ్చావా నాన్నా, వీడు పొద్దుట్నుంచీ ఏమీ తిన్లేదు, ముందు వాడికి అన్నం పెట్టు" అంది. పెట్టాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. మజ్జిగ పోస్తుంటే నా చెయ్యి వణికింది, వాడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

హైదరాబాద్ వచ్చాక మా ఆవిడ ఒక మాటంది. "మీ టీంలో కుర్రాడు ప్రొడక్షన్‌లో ఏదో పాడుచేస్తే అర్ధరాత్రి రెండింటికి కూడా 'పర్లేదు తమ్ముడూ, ముందు రోల్‌బ్యాక్ చేద్దాం, కారణం రేపు చూద్దాం' అంటారు. ఆ ముక్క మీకు మీరు ఎప్పుడైనా అనుకున్నారా? పోనీ మా తమ్ముడితో అన్నారా?"

సమాధానం లేదు.

తనమీద తను దయ చూపించుకోవడం అంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపే. పని ఎగ్గొట్టేవాళ్ళు చెప్పే సాకు అనుకునేవాణ్ణి. క్రిస్టిన్ నెఫ్ అని టెక్సాస్ యూనివర్సిటీలో ఒకావిడ 2003 నుంచీ దీనిమీదే పరిశోధన చేస్తున్నారు. ఆవిడ చెప్పేదాంట్లో మూడు ముక్కలు. స్నేహితుడితో ఎలా మాట్లాడతామో మనతో మనం అలా మాట్లాడుకోవడం. ఇది నా ఒక్కడికే కాదు, మనుషులన్నాక జరుగుతాయి అని గుర్తుపెట్టుకోవడం. బాధని దాచకుండా, అలాగని పెంచకుండా ఉన్నది ఉన్నట్టు చూడటం. రెండో ముక్క చదివినప్పుడు మా బావమరిది మాటే వినపడింది. వాడు ఆ పుస్తకాలు ఏవీ చదవలేదు.

నాకు అర్థమైంది ఏంటంటే, ఇది సాకు కాదు. తప్పు ఒప్పుకోవడానికి కావలసిన ధైర్యం ఇందులోంచే వస్తుంది. చూడండి, నన్ను నేను అంత తిట్టుకున్న రెండేళ్ళలో ఒక్కసారి కూడా షాపు లెక్కల పుస్తకం తెరవలేదు. అది అటక మీదుంది, దాన్ని చూస్తేనే కడుపులో తిప్పేది. తిట్టుకోవడం వల్ల నేను నేర్చుకున్నది సున్నా. ఆ ఉగాదికి రాజమండ్రి వెళ్ళి, వాడికి చెప్పాల్సిన క్షమాపణ చెప్పి, ఇద్దరం కూర్చుని ఆ పుస్తకం తెరిచాం. పైన మీకు చెప్పిన లెక్కలన్నీ ఆ పూట బయటపడ్డవే. ఎవరు చేశారు అని కాకుండా ఎలా జరిగింది అని చూశాం. ఆఫీసులో ఎన్నో పోస్ట్‌మార్టమ్‌లు చేసినవాణ్ణి, ఇంట్లో ఒకటి చెయ్యడానికి ఇంతకాలం పట్టింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. దయ చూపించుకుంటే పోయినవి తిరిగి రావు. ఈఎంఐ 2023 మార్చి దాకా కట్టాను, ఒక్క రూపాయి తగ్గలేదు. అమ్మ కంటికి గంతలు కట్టి లోపలికి తీసుకెళ్తున్నప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుందో, అది నా చెయ్యి కాదు. ఆ పద్దు అలాగే ఉంటుంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఊరెళ్ళాల్సిన పని ముఖ్యమైనదైతే ముందు రోజే వెళ్తాను. పండక్కి, సెలవలకి మాత్రమే చవక ఫ్లైటు, తప్పినా పర్లేదనుకున్నప్పుడే. ఏడు కిలోల సంచి, వెబ్ చెకిన్, క్యాబ్. ఇంట్లో ప్రతి నెలా బడ్జెట్టులో "పొరపాట్లు" అని రెండు వేలు రాస్తాం. ఖర్చవకపోతే తర్వాతి నెలకి కలుస్తుంది. ఖర్చయితే ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదు, అదే షరతు.

2023లో మా బావమరిది మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి షాపు లేదు, ఇంటి దగ్గరే వండి ఫంక్షన్లకి ఆర్డర్ల మీద టిఫిన్లు. శిశు లోను 50 వేలు, వాడి పేరునే. ప్లాను కాగితం నాకు చూపించాడు. స్టౌ, గిన్నెలు, సరుకులు, ఆటో కిరాయి అన్నీ వరసగా రాసి, చివర "పొరపాట్లకి 6,000" అని ఉంది.

"ఇదేంట్రా?" అన్నాను.

"మీ దగ్గర నేర్చుకున్నదేనండి బావగారూ."

మూడో నెలలో తేదీ తప్పుగా రాసుకుని నలభై మందికి ఇడ్లీ, పులిహోర ఒకరోజు ముందే వండేశాడు. రాత్రి ఫోన్ చేసి "ఆ పద్దులోంచి మూడు వేలు ఖర్చయిపోయిందండి" అన్నాడు. పులిహోర ఏం చేశావురా అన్నాను. వీధిలో అందరికీ పంచేశాడట. అమ్మకి కూడా ఒక గిన్నె పంపించాడట.

"ఉప్పు సరిపోలేదంటండి" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.